ఏథెన్స్ నుంచి సామోస్ దాకా, గ్రీకుల కొలతల వెంట

ఏథెన్స్‌లో దిగగానే అందరూ అక్రోపొలిస్ వైపు నడుస్తారు. మేము ముందు జాతీయ పురావస్తు మ్యూజియంలో 38వ గదికి వెళ్లాం. ఇంజినీరింగు చూడాలని వచ్చినవాళ్లు అక్కడ మొదలుపెడితేనే మంచిది. గాజు పెట్టెలో చిలుము పట్టి పచ్చబడిన కంచు ముక్క ఒకటి ఉంటుంది. జానెడు వెడల్పు కూడా ఉండదు. దాని మీద నాలుగు ఆకుల చక్రం బండి చక్రంలాగే కనిపిస్తుంది. వంగి అంచును పక్కవాటుగా చూస్తే సన్నటి పళ్లు వరసగా తేలతాయి. సూర్యచంద్రుల నడకను పళ్ల చక్రాలతో లెక్కగట్టి చూపిన ప్రాచీన గ్రీకు పరికరం ఆంటికితేరా యంత్రం. దానిలో మిగిలిన అతి పెద్ద ముక్క ఇదే.

1900లో స్పాంజీల కోసం నీళ్లలోకి దిగిన సిమీ దీవి ఈతగాళ్లకు ఆంటికితేరా దీవి దగ్గర మునిగిపోయిన ఓడ కనిపించింది. మరుసటి ఏడాది సరుకు పైకి తీశారు. ఆ ముద్దల్లో ఒకదాంట్లో పళ్ల చక్రం ఉందని 1902లో పురావస్తు శాస్త్రవేత్త వలేరియోస్ స్టైస్ గమనించాడు. ఇప్పుడు మొత్తం 82 ముక్కలు, వాటిలో 30 చక్రాలు ఉన్నాయి. అందులో 27 ఈ ఒక్క ముక్కలోనే ఉన్నాయి. లోపల ఏముందో వివరంగా తేలింది 2005లో. ఎనిమిది టన్నుల ఎక్స్‌రే యంత్రాన్ని మ్యూజియానికే తెచ్చి పొరపొరగా చిత్రాలు తీశారు.

కనిపించే పెద్ద చక్రం ఒక చుట్టు తిరిగితే ఒక సంవత్సరం. దాని ఇరుసు నుంచి చంద్రుడి ముల్లుకు కదలిక ఎలా వెళుతుందో కాగితం మీద వేసుకుని ముక్క ముందు నిలబడితే ఆ గది మరోలా కనిపిస్తుంది. 64 పళ్ల చక్రం 38 పళ్లదాన్ని తిప్పుతుంది. 38తో ఒకే ఇరుసు మీదున్న 48, 24ను తిప్పుతుంది. 24తో కలిసి తిరిగే 127, 32ను తిప్పుతుంది. 64/38 × 48/24 × 127/32 గుణించి చూడండి, 254/19 వస్తుంది. అంటే సూర్యుడు 19 చుట్లు తిరిగేలోపు చంద్రుడు 254 సార్లు అదే నక్షత్రం దగ్గరికి వస్తాడు. 254లోంచి 19 తీసేస్తే 235. పందొమ్మిదేళ్లలో వచ్చే అమావాస్యల లెక్క అది.

పంచాంగం ఉన్న ఇంట్లో పెరిగినవాళ్లకు ఈ 235 పరాయిది కాదు. 19 ఏళ్లకు పన్నెండేసి చొప్పున 228 నెలలు, పైన ఏడు అధిక మాసాలు. వరాహమిహిరుడు వివరించిన రోమక సిద్ధాంతంలో 2850 ఏళ్ల యుగానికి 1050 అధిక మాసాలు ఉంటాయి. రెండింటినీ 150తో భాగిస్తే 19, 7 మిగులుతాయి. ఆ సిద్ధాంతం పేరులోనే అది ఏ దిక్కు నుంచి వచ్చిందో ఉంది.

ఇక పనివాడి కష్టం చూడాలి. 64 పళ్లు గుర్తు పెట్టడం తేలిక, వలయాన్ని ఆరుసార్లు సగం చేస్తే చాలు. 127 ప్రధాన సంఖ్య కాబట్టి సగాలు, మూడో వంతులు దానికి పనికిరావు. చేతిపనిలో మిగిలే దారి, వృత్తలేఖిని ఒక కొలతకు తెరిచి అంచు వెంట అడుగులేసుకుంటూ పోవడం, చివరి అడుగు మొదటి గుర్తు మీద పడేదాకా ఆ తెరుపును సవరించడం. తెరుపులో మిల్లీమీటరులో నూరో వంతు తేడా ఉన్నా 127 అడుగులకు అది 1.27 మిల్లీమీటర్లవుతుంది. పెద్ద చక్రం అడ్డుకొలత దాదాపు 13 సెంటీమీటర్లు, దాని మీద 223 లేదా 224 పళ్లు. ఒక్కో పన్నుకు 1.8 మిల్లీమీటర్లే దక్కుతాయి. 127 పళ్ల చక్రానికీ పన్ను దాదాపు అంతే అనుకుంటే, కళ్లకు ఆనని ఆ తేడా చుట్టు తిరిగేసరికి పన్నులో దాదాపు ముప్పాతికను మింగేస్తుంది.

పళ్లు త్రిభుజాకారంలో ఉన్నాయి. ఆకురాయితో కోయడానికి అదే అనువు. అయితే ఇలాంటి పళ్లు ఒకదాన్నొకటి ఒకే వేగంతో తోయవు. ఒక పన్ను వదిలి మరొకటి పట్టుకునే చోట ముల్లు కొంచెం తటపటాయిస్తుంది. గట్టిగా బిగిస్తే పట్టేస్తుంది, వదులు చేస్తే ముల్లు ఊగుతుంది. నమూనా చేయాలనుకునే విద్యార్థులు ప్లైవుడ్‌లో ఈ ఆరు చక్రాల వరస ఒక్కటి చేసుకుంటే చాలు, ఈ చిక్కులన్నీ చేతికి తెలుస్తాయి. ఇరుసుల మధ్య దూరం సవరించుకునేలా ఒక రంధ్రాన్ని పొడుగ్గా కోసుకోండి. లేకపోతే మొదటి చుట్టులోనే ఎక్కడో ఒకచోట బిగుసుకుంటుంది.

వెనక వైపు ఇంకో అద్భుతం ఉంది. 50 పళ్ల చక్రాలు రెండు ఒకదాని మీద ఒకటి ఉంటాయి. వాటి ఇరుసులు మాత్రం ఒకే చోట లేవు, దాదాపు ఒక మిల్లీమీటరు ఎడం. కింది చక్రం మీది మేకు పై చక్రంలోని గాడిలో జారుతుంది. కిందిది సమంగా తిరుగుతున్నా పైది కాసేపు వేగంగా, కాసేపు నెమ్మదిగా తిరుగుతుంది. ఆకాశంలో చంద్రుడి నడక కూడా అంతే కదా. ఆ ఒక్క మిల్లీమీటరును కావాలనే పెట్టారు. యాత్ర మొత్తంలో మేము ఎక్కువసేపు నిలబడింది దీని బొమ్మ ముందే.

మ్యూజియం నుంచి ఇంకో పూట మిగుల్చుకుంటే, పిందారు వీధిలో కోట్సనాస్ ప్రాచీన గ్రీకు సాంకేతికత మ్యూజియం చూడవచ్చు. అన్నీ పనిచేసే నమూనాలే. ప్రాచీన గ్రీకు ఇంజినీరు, బైజాంటియం వాసి ఫిలాన్ వర్ణించిన పరిచారిక బొమ్మ చేతిలో కప్పు పెడితే ఆ బరువుకు చెయ్యి దిగుతుంది, పాత్రలోకి గాలి పోయే దారి తెరుచుకుంటుంది, ద్రాక్షసారా ధార పడుతుంది. చెయ్యి లేస్తే గాలి ఆగి ధార ఆగుతుంది. పాత్ర అతుకులో సూదిమొన అంత సందు ఉన్నా ధార ఆగదు, చుక్కలు పడుతూనే ఉంటాయి. మొత్తం విద్య ఆ అతుకులోనే ఉంది.

రోమన్ అగోరాలోని, అంటే రోమన్ల కాలపు సంతలోని పవనస్తంభం చిన్న కట్టడం. తొందరగా చూసి వచ్చేస్తారు చాలామంది, అది నష్టం. కిరోస్ వాసి ఆండ్రోనికోస్ కట్టించిన ఎనిమిది ముఖాల పాలరాతి గోపురం ఇది, ఎత్తు 12 మీటర్ల పైన. ఒక్కో ముఖం మీద ఒక్కో గాలి దేవుడు చెక్కి ఉంటాడు, అతని కింద నీడ గడియారం గీతలు. ముఖం దిక్కును బట్టి గీతల అమరిక మారుతుంది. నోటు పుస్తకంలో దక్షిణ ముఖం, తూర్పు ముఖం పక్కపక్కన గీసుకుంటే తేడా పట్టుబడుతుంది. ఎండ ఉన్న పూట వెళ్లాలి, మబ్బు రోజున ఇక్కడ నేర్చుకునేది సగమే.

లోపల నేల మీద నీటి గడియారపు గాడులు మిగిలాయి. నీటి గడియారానికి రెండు చిక్కులున్నాయి. పాత్రలో మట్టం దిగేకొద్దీ ధార మందగిస్తుంది. అందుకే అలెగ్జాండ్రియాలో క్టెసిబియోస్ అనే ఇంజినీరు ఎప్పుడూ పొర్లుతూ ఉండే తొట్టి పెట్టాడు. మట్టం మారదు కాబట్టి ధార మారదు. రెండో చిక్కు గంటది. అప్పటి గంట అంటే పగటిలో పన్నెండో వంతు. ఏథెన్స్‌లో నడివేసవి పగలు సుమారు 14 గంటల 50 నిమిషాలు, నడిచలికాలంలో తొమ్మిదిన్నర గంటలు. వేసవి గంట 74 నిమిషాలు, చలికాలపు గంట 47 నిమిషాలు. ధార సమంగా ఉంటే సరిపోదు, కొలబద్ద మీది గీతలు నెలనెలా మారాలి. పంచాంగంలో మనం చూసుకునే హోర అన్న మాట ఈ గ్రీకు ‘హోరా’ నుంచే వచ్చిందన్నది పండితుల నిర్ణయం.

అక్రోపొలిస్‌కు సమయం వేసిన టికెట్టు ముందే కొనుక్కోవాలి. తీవ్రమైన ఎండలున్న రోజుల్లో మధ్యాహ్నం మూసేస్తారు. పొద్దున మొదటి గంటే మేలు. మెట్ల పాలరాయి అడుగుల రాపిడికి అద్దంలా నున్నబడింది, రబ్బరు అడుగున్న బూట్లు వేసుకోండి.

కొండ మీది పార్థెనాన్ గుడి పొడుగు వైపు మెట్టు చివర వంగి, కంటిని మెట్టు అంచుకు ఆనించి చూస్తే రాయి నడుమ ఉబ్బి కనిపిస్తుంది. దాదాపు 70 మీటర్ల పొడవుకు సుమారు 11 సెంటీమీటర్లు, 31 మీటర్ల వెడల్పుకు సుమారు 6 సెంటీమీటర్లు. వాన నీళ్లు నిలవవు, కంటికి నేల కుంగినట్టు అనిపించదు. అయితే పునాది వంగాక దాని పైన ప్రతి రాయీ ఆ వంపుకు తగ్గట్టు విడిగా కోయాల్సిందే. స్తంభాలూ లోపలికి కొద్దిగా ఒరిగి ఉంటాయి. మూల స్తంభాలు మిగతావాటికన్నా కాస్త లావు. ఒక రాయి చోట ఇంకొకటి సరిపోదు. ఈ గుడి ప్రధాన నిర్మాణం క్రీ.పూ. 447లో మొదలై 438కల్లా తొమ్మిదేళ్లలో అయిపోయిందంటే, కొలతలు రాతిగని దాకా ఎంత కచ్చితంగా చేరి ఉండాలో ఆలోచించండి.

రాళ్లను కలిపిన ఇనుప కట్లను దగ్గరగా చూడండి. పాతవాళ్లు ఇనుము చుట్టూ కరిగించిన సీసం పోశారు. గాలి, నీరు ఇనుముకు తగలవు. భూమి కదిలినప్పుడు మెత్తటి సీసం కొంచెం లొంగుతుంది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో నికోలాస్ బలానోస్ అనే ఇంజినీరు మరమ్మతు చేసినప్పుడు ఆ సీసపు తొడుగు జాగ్రత్త పాటించకుండా ఇనుప కడ్డీలు వాడారు. తుప్పు పడితే ఇనుము ఉబ్బుతుంది, ఉబ్బి పాలరాయిని లోపలి నుంచే పగలగొట్టింది. రెండు వేల నాలుగొందల ఏళ్లు నిలిచిన రాళ్లు కొన్ని దశాబ్దాలకే చీలాయి. అక్రోపొలిస్ కట్టడాల పరిరక్షణకు 1975లో ఏర్పడిన సంఘం ఆధ్వర్యంలో ఆ ఇనుము తీసి టైటానియం పెడుతున్నారు. కొత్త రాయి తెల్లగా, పాతది తేనె రంగులో ఉంటుంది కాబట్టి ఎక్కడ ఏది చేశారో దూరం నుంచే చదవొచ్చు.

దక్షిణాన ఉన్న పెలొపొనీస్ ద్వీపకల్పం వైపు ఒక రోజు చాలు. ఎపిడారస్ రంగస్థలంలో 55 వరసలున్నాయి. కింది 34 ముందు కట్టారు, పై 21 తర్వాత చేర్చారు. నాణెం పడితే ఆఖరి వరసకు వినిపిస్తుందని చెబుతారు. 2017లో నెదర్లాండ్స్ పరిశోధకులు వేల చోట్ల కొలిచి ఆ మాట నిలవదని తేల్చారు. గట్టిగా, స్పష్టంగా మాట్లాడితే మాత్రం బాగా వినిపిస్తుంది, అంత పెద్ద ఆరుబయలు స్థలానికి అదే గొప్ప. తిరుగుదారిలో ఆర్కాడికో వంతెన దగ్గర ఆగండి. మూడు వేల ఏళ్ల కిందటి బండరాళ్లు, సున్నం లేదు. ఇప్పటికీ దాటవచ్చు.

సామోస్‌కు ఏథెన్స్ నుంచి విమానంలో గంట ప్రయాణం, పిరేయస్ రేవు నుంచి ఓడలో ఒక రాత్రి. జులై, ఆగస్టుల్లో ఉత్తరపు గాలి బలంగా వీస్తే ఓడలు ఆగిపోతాయి. తిరుగు ప్రయాణానికి ఒక రోజు అదనంగా పెట్టుకోవాలి. విమానాశ్రయానికి అరిస్టార్కస్ పేరు పెట్టారు. సూర్యుడి చుట్టూ భూమి తిరుగుతుందన్న ఆ దీవి మనిషే ఆయన.

పైథాగోరియో ఊరి పైన కాస్త్రో కొండ. దాన్ని క్రీ.పూ. 6వ శతాబ్దంలో మెగారా వాసి యుపాలినోస్ అనే ఇంజినీరు, ఊరికి ఊట నీళ్లు తేవడానికి రెండు వైపుల నుంచీ సొరంగంగా తొలిచాడు. పొడవు 1036 మీటర్లు. గైడుతో జట్లు జట్లుగా లోపలికి పంపుతారు, తలకు హెల్మెట్ ఇస్తారు. దిగే మెట్లదారి ఇరుకు, పెద్ద సంచి పట్టదు. లోపల వెడల్పు, ఎత్తు 1.8 మీటర్ల చొప్పున. గోడ మీద ఉలి గాట్లు వేలికి తగులుతాయి. గుట్ట చీకట్లో ముందు పనిచేసేది ఒకరో ఇద్దరో, వెనక రాతిపొడి మోసేవాళ్ల వరస.

దిశ ఎలా పెట్టారన్న దానికి రెండు ఊహలున్నాయి. కొండ మీదుగా కర్రలు పాతి గీత సాగించడం ఒకటి. కొండ చుట్టూ లంబకోణాల్లో మెట్లుమెట్లుగా కొలుచుకుపోవడం రెండోది. దీన్ని తర్వాతి కాలంలో అలెగ్జాండ్రియా ఇంజినీరు హెరోన్ వర్ణించాడు. మేము మొదటిదే నమ్ముతాం. లంబకోణంలో పదో వంతు డిగ్రీ తప్పినా కిలోమీటరుకు 1.7 మీటర్లు పక్కకు పోతుంది, అలాంటి మూలలు ఎన్నో తిరగాలి.

ఉత్తరం వైపు జట్టుకు మధ్యలో నీరూరే మెత్తటి రాయి తగిలింది. కప్పు కూలుతుంది. అందుకని సొరంగాన్ని పక్కకు మళ్లించి త్రిభుజంలా తిరిగి అసలు గీత మీదకు తెచ్చారు. మళ్లింపు తర్వాత వెనక్కి తిరిగి ద్వారం వెలుగు చూసుకుని గీత సరిచేసుకునే వీలు పోయింది. దూరాల లెక్క గోడ మీద ఎర్ర రంగు అక్షరాల్లో ఉంది, సుమారు 20.6 మీటర్లకు ఒక గుర్తు.

రెండు జట్లూ కలిసే చోట యుపాలినోస్ చేసిన పని కోసమే ఇంత దూరం రావాలి. రెండు సొరంగాలు సమాంతరంగా పోతే ఎంత తవ్వినా కలవవు. అందుకే లెక్క ప్రకారం దగ్గరికొచ్చాక రెండింటినీ పక్కకు తిప్పించాడు. ఒకటి మరోదాని దారికి అడ్డం పడక తప్పదు. ఎత్తులో తేడా వస్తుందేమోనని ఉత్తరం వైపు కప్పు పైకి పెంచాడు, దక్షిణం వైపు నేల దించాడు. తన గీత తప్పి ఉండొచ్చని ముందే ఒప్పుకుని, తప్పినా పని ఆగని దారి వేశాడు. అక్కడ నిలబడి దీపం రెండు వైపులా తిప్పి చూస్తే ఆ మలుపులు, ఎత్తు మారిన కప్పు ఒకేసారి కనిపిస్తాయి.

నడిచే నేల సమమట్టం. నీళ్లు పారాలంటే వాలు కావాలి కాబట్టి పక్కన వేరే కాలువ తవ్వారు. ఉత్తరం చివర దాని లోతు దాదాపు 4 మీటర్లు, దక్షిణం చివర దాదాపు 9. ఇప్పుడు పైన ఇనుప జాలీ వేశారు, దాని మీదే నడుస్తాం. అడుగున 72 సెంటీమీటర్ల మట్టి గొట్టాలు ఒకదానిలో ఒకటి దూర్చి వేశారు, సొరంగం లోపలికే 1400కు పైగా పట్టి ఉంటాయి. ఊట నీటిలో సున్నం ఎక్కువ. గొట్టం లోపల పొరలు పొరలుగా గట్టిపడి దారి ఇరుకైపోయింది. గొట్టం పైభాగం పగలగొట్టి, ఆ పొర తీసి, తెరిచిన కాలువలాగే మళ్లీ నీళ్లు వదిలారు. జాలీ సందుల్లోంచి దీపం కిందికి పట్టి చూడండి, లోతుగా ఉన్న దక్షిణం కొసన కాలువ అడుగు అందేసరికి వెలుతురు చిన్న చుక్క అవుతుంది.