తీర్థన్ లోయలో ఆతిథ్యం

హిమాచల్ ప్రదేశ్‌లో గ్రేట్ హిమాలయన్ నేషనల్ పార్కుకు దారితీసే తీర్థన్ లోయలో, గుషైనీ దగ్గర ఒక హోమ్‌స్టేలో బస చేశాము. 2014లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిన ఆ అడవుల గురించి ముందే విన్నాను గానీ, నన్ను కట్టిపడేసింది ఆ ఇల్లే. సిమెంటు లేకుండా దేవదారు దూలాలనూ రాళ్లనూ వరుస మీద వరుసగా పేర్చి కట్టిన కాఠ్‌కుణీ గోడల మధ్య, చలికి వణుకుతున్న మా అమ్మను ఇంటి పెద్దావిడ పొయ్యి పక్కన కూర్చోబెట్టి, ఆవిరి మీద ఉడికిన సిడ్డూ అనే రొట్టెను విరిచి, లోపలి అక్రోటు ముద్ద తడిసేలా నెయ్యి పోసి అందించారు. ఒకరి భాష ఒకరికి రాకపోయినా ఇద్దరూ చాలాసేపు కబుర్లు చెప్పుకున్నారు. వేడినీళ్లు బకెట్లలోనే ఇస్తున్నారని కొందరు అతిథులు విసుక్కోవడం మాత్రం నాకు బాధ కలిగించింది. కట్టెల మీద కాచిన ఆ నీళ్లను తెల్లవారకముందే మెట్లెక్కి మోసుకొచ్చే వారి శ్రమను కళ్లారా చూస్తే ఎవరికీ ఆ మాట నోట రాదు.