ఇసుక దారి, కావేరి గట్టు

మొక్కు తీరి నాలుగు రోజులైంది. మోకాళ్ళు ఇంకా మండుతున్నాయి. ఈ మంట తగ్గేలోపే రాసేయాలనిపించింది.

పోయినేడు అమ్మకి పక్షవాతం వచ్చి కుడికాలు పడిపోయింది. అమ్మ మళ్ళీ నడిస్తే తమిళనాడులోని వేళాంగణి వచ్చి ఇసుక దారిలో మోకాళ్ళ మీద నడుస్తానని ఆసుపత్రి వరండాలో ఆరోగ్యమాతకు, అంటే అక్కడి మరియమ్మకు, మొక్కుకున్నాను. ఇప్పుడు చేతికర్రతో నడుస్తోంది. అమ్మని తీసుకునే బయల్దేరాను.

సెప్టెంబరు పండగ కాదు కదా, ఖాళీగా ఉంటుందనుకున్నాం. ఎక్కడ? లైన్లో ఒకటే తోపులాట. చేతికర్ర పట్టుకున్న మనిషని కూడా చూడకుండా నెట్టుకుపోయారు. జరీ చీరలో, బిడ్డనెత్తుకున్న మాత స్వరూపం రెండు క్షణాలు కనబడింది, అంతలోనే ఎవరిదో ఫోను అడ్డమొచ్చింది. గుడిలో నిలబడి అంత కోపం తెచ్చుకున్నందుకు బాధేసింది.

బసిలికా గుడికీ మాత కుళం అనే కోనేటికీ మధ్య ఇసుక దారి పదింటికే కాలిపోతోంది. సగం దూరం వచ్చేసరికి చర్మం లేచింది. ఆగిపోయాను. ఎవరో ముసలామె, తమిళావిడ, తన తువ్వాలు నీళ్ళలో తడిపి మడతపెట్టి నా మోకాళ్ళ ముందు పరిచింది. నేను జరగగానే వెనక నుంచి తీసి మళ్ళీ ముందు వేసేది. "మెదువా తంబీ, మెదువా" (మెల్లగా తమ్ముడూ, మెల్లగా) అంటూ చివరిదాకా వంగి వంగి వచ్చింది. లేచి చూసేసరికి జనంలో కలిసిపోయింది. పేరు కూడా అడగలేదు.

మజ్జిగ అమ్మే కుంటి పిల్లవాడు మాత మాటకి లేచి పరిగెత్తిన కథ మీకు తెలిసిందే. అదంతా మిథ్, అంటే పురాణగాథ, అని ఆఫీసులో ఒకాయన అన్నప్పటి నుంచి నాకు మనసులో ముల్లులా ఉండేది. మిథ్ అంటే మన చెవికి మిథ్య అనే వినిపిస్తుంది మరి.

అందుకే తిరుచ్చి దాటి కుళిత్తలై దగ్గర శాంతివనానికి వెళ్ళాం. 1950లో ఇద్దరు ఫ్రెంచి కతోలిక గురువులు కావేరి ఒడ్డున పెట్టిన ఆశ్రమం. 1968 నుంచి దాన్ని నడిపిన బీడ్ గ్రిఫిత్స్ ఆక్స్‌ఫర్డ్‌లో ఆంగ్ల రచయిత సి. ఎస్. లూయిస్ శిష్యుడు, తర్వాత స్నేహితుడు. పురాణగాథలంటే ప్రాణమైనా వాటిని అందమైన అబద్ధాలనుకునేవాడు లూయిస్. 1931లో ఒక రాత్రి తోటి రచయిత టోల్కీన్‌తో మాట్లాడాక ఆయన ఆలోచన మారింది. క్రీస్తు కథ కూడా పురాణగాథలాగే మనసును పట్టుకుంటుంది, కాకపోతే ఇది నిజంగా జరిగిన గాథ అన్నాడు. ఆ మాట చదివాక నాలో ముల్లు కదిలింది. వేళాంగణి కథకి కాగితం మీద రుజువు నేను చూపించలేను. తడి తువ్వాలు మాత్రం నా మోకాళ్ళ కింద ఉంది.

అక్కడి గుడికి గోపురం, చీకటి గర్భగుడి, హారతి. మధ్యాహ్నం ప్రార్థనలో కుంకుమ పెట్టబోతే అమ్మ వెనక్కి జరిగి, "ఇది మన గుడేనా నాయనా?" అంది. నేను గట్టిగా చెప్పలేకపోయాను.

సాయంత్రం మౌనధ్యానం. "ప్రభువైన యేసుక్రీస్తూ, దేవుని కుమారుడా, పాపినైన నన్ను కరుణించు." బీడ్ స్వామి నలభై ఏళ్ళకు పైగా చేసుకున్న జపం ఇదే. ఊపిరితో పాటు అదే మాట. మొదట లైన్లో తోసినవాళ్ళే గుర్తొచ్చారు. తర్వాత ఆ ముసలామె చేతులు. తర్వాత ఏమీ లేదు. పక్కన అమ్మ జపమాల పూసల చప్పుడు కూడా ఎప్పుడో ఆగిపోయింది.

"మరియమ్మా వందనం అనుకుంటూ కూర్చున్నా. మధ్యలో మాటలు పోయినయ్. తల్లి పక్కన కూర్చున్నట్టే ఉంది" అంది బయటికొచ్చాక.

రాత్రి ప్రార్థనలో విభూది తెచ్చారు. అమ్మ ఈసారి తనే ముందుకెళ్ళి నుదురు వంచింది. "మన గుళ్ళో విభూది బుధవారం నాడు పెట్టించుకునేదే కదా" అని, కర్ర టకటకలాడించుకుంటూ కావేరి గట్టు వైపు నాకంటే ముందు నడిచింది.