జొరం తగ్గినాక పిలకాయల గుండె, ఊపిరి మీద కూడా ఓ కన్నేయండి

ఈ మధ్య మా కొండపి వైపు ఏ ఇంటికి పోయినా ఓ పిల్లోడు దగ్గుతానే ఉన్నాడు. జొరం మూడ్రోజుల్లో పోద్ది, నాలుగోరోజు బ్యాగ్ తగిలించి స్కూలుకి పంపేస్తాం, ఇంక అయిపోయిందనుకుంటాం. నాకు మాత్రం ఆ తర్వాత వారాలే ముఖ్యం అనిపిస్తది.

వైరల్ జలుబు తర్వాత దగ్గు రెండు మూడు వారాలుండటం మామూలే, దానికోసం మెడికల్ షాపుకి పోయి సిరప్ మీద సిరప్ మార్చబాకండి. క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ కలిసిన జలుబు మందు నాలుగేళ్ళ లోపు పిల్లలకి వాడొద్దని 2023లోనే డ్రగ్ కంట్రోలర్ చెప్పారు, సీసా మీద చదివి చూడండి. ఏడాది దాటిన పిల్లలకైతే పడుకోబోయే ముందు చెంచా తేనె చాలు, ఏడాది లోపు బిడ్డకి మాత్రం తేనె నాకించొద్దు.

ఇంకోటి పొగ. బేరన్ గదుల్లో కట్టెలు కాల్చి పొగాకు ఆరబెట్టే రోజుల్లో ఆ పొగ ఊరంతా ఉంటది, అది మన చేతుల్లో లేదు, కానీ తలుపులేసిన గదిలో దోమల కాయిల్, తలస్నానం చేయించి పట్టే సాంబ్రాణి, ఇవి మన చేతుల్లోవే కదా. మా అత్తమ్మకి సాంబ్రాణి లేకపోతే స్నానం చేయించినట్టే ఉండదు, పెద్దామె మనసు కష్టపెట్టకుండా "దగ్గు పోయినాక పడదాం అత్తమ్మా" అని ఆపుతున్నా.

బిడ్డ నిద్రపోయేటప్పుడు చొక్కా పైకి తీసి నిండా ఒక నిమిషం ఊపిరి లెక్కపెట్టండి. రెండు నెలల నుంచి ఏడాది లోపు 50, ఏడాది నుంచి అయిదేళ్ళ లోపు 40, అంతకి చేరినా దాటినా డాక్టర్ దగ్గరికి పోవాల్సిందే. డొక్కలెగరేస్తా ఉంటే, పెదాలు నీలంగా మారితే లెక్క కూడా అక్కర్లేదు, వెంటనే బయల్దేరండి.

గుండె సంగతి చాలామందికి తెలీదు. కొద్దిమంది పిల్లల్లో వైరస్ వల్ల గుండె కండరం వాస్తది, మయోకార్డైటిస్ అంటారు. జొరం పోయినా నీరసం పోకపోవడం, కాస్త నడిస్తేనే ఆయాసం, గుండెల్లో నొప్పి, ఆడతా ఆడతా కళ్ళుతిరిగి పడిపోవడం, చంటిబిడ్డయితే పాలు తాగేటప్పుడు చెమటలు పట్టడం, ఇవి చూస్తే "బద్ధకంలే, బడి ఎగ్గొట్టాలని" అనబాకండి, ఆ రోజే చూపించండి. ఈసీజీ, ఎకో అనే గుండె స్కానింగు, గుండె కండరం దెబ్బతిందేమో చెప్పే ట్రోపోనిన్ రక్తపరీక్ష చేయిస్తారు. అదేనని తేలితే మూడు నుంచి ఆరు నెలలు ఆటలు బంద్, డాక్టర్ మళ్ళీ చూసి సరేనన్నాకే గ్రౌండ్. కోవిడ్ వచ్చిపోయిన పిల్లలకైతే రెండు నుంచి ఆరు వారాల తర్వాత మళ్ళీ జొరమొచ్చి, కళ్ళెర్రబడి, ఒంటిమీద దద్దుర్లు, కడుపునొప్పి ఉంటే ఎంఐఎస్‌సీ (కోవిడ్ తర్వాత పిల్లల ఒంట్లో చాలా అవయవాలు వాచే జబ్బు) కావొచ్చు, 2020లో బయటపడిన జబ్బిది, గుండెని కూడా పడతది.

మామూలు జొరమే అయినా పిల్లోడు మెట్లెక్కి హాయిగా మాట్లాడగలిగేదాకా పరుగుపందేలు వద్దని పీఈటీ సారుకి చీటీ రాసివ్వండి. ఎకో రాసిస్తే మాత్రం పిల్లలకి తీసేవాళ్ళు ఏ రోజుంటారో ముందే ఫోన్ చేసి కనుక్కోండి, ఒంగోలు దాకా పోయి ఉత్త చేతుల్తో రావడం ఆ నీరసంలో బిడ్డకి చాలా కష్టం.