పిస్టల్ దించడం నేర్చుకున్నాక

పది మీటర్ల ఎయిర్ పిస్టల్‌లో నన్ను ఏడిపించింది చెడ్డ షాట్ కాదు, దాని తర్వాతి షాట్. పది పాయింట్ల బదులు ఏడు పడగానే ఒళ్లు మండేది. వెంటనే పది కొట్టి లెక్క సరిచేయాలని చెయ్యి లేపేదాన్ని, ట్రిగ్గర్ గుంజేదాన్ని. ఇంకో ఏడు పడేది. పది రింగు వ్యాసం 11.5 మిల్లీమీటర్లే మరి, కోపంలో ఉన్న వేలికి అది ఎక్కడ దొరుకుతుంది?

కోచ్ ముందు స్కోరు లేకుండా చేశారు. నల్ల చుక్కే లేని తెల్ల కాగితం మీద కాల్చమన్నారు. ఇదేం ప్రాక్టీసని విసుక్కున్నాను గానీ, చూడ్డానికి ఇంకేమీ లేకపోయేసరికి కన్ను ఫ్రంట్ సైట్ మీద, అంటే గొట్టం చివర గురి చూసే ముక్క మీద నిలిచింది. చెయ్యి మొత్తం కాస్త ఊగితే టార్గెట్ మీదా తేడా దాదాపు అంతే. అదే ఫ్రంట్ సైట్ వెనక సైట్ గాడిలో ఒక్క మిల్లీమీటరు పక్కకు జరిగితే అక్కడ సుమారు మూడు సెంటీమీటర్లు పోతుంది. ఊపు అందరికీ ఉంటుందని, దానితో కుస్తీ పడక్కర్లేదని తెలిశాక సగం టెన్షన్ తగ్గింది.

ఆ తర్వాత డ్రై ఫైరింగ్. పెల్లెట్ లేకుండా, ఖాళీ గోడకు ఎదురుగా. ట్రిగ్గర్ పడిన క్షణంలో సైట్ కదిలిందా లేదా, అంతే. బోరు కొడుతుంది, నిజమే. పది నిమిషాలు శ్రద్ధగా చేసి ఆపేయడం మేలు.

అన్నిటికంటే కష్టమైంది పిస్టల్ దించడం. కొన్ని సెకన్లలో షాట్ కుదరకపోతే కాల్చకుండా దించేయాలి. మ్యాచ్‌లో 60 షాట్లకు 75 నిమిషాలు ఇస్తారు, ఎన్నిసార్లు దించినా పాయింట్లు పోవు. అయినా మనసొప్పదు, ఎత్తిన చెయ్యి ఊరికే దించితే ఓడినట్టే అనిపిస్తుంది.

ఇలాంటప్పుడు నాకు అమెరికా షూటర్ మాథ్యూ ఎమన్స్ గుర్తొస్తాడు. 2004 ఒలింపిక్స్ త్రీ పొజిషన్ రైఫిల్‌లో (పడుకుని, మోకాలి మీద, నిలబడి కాల్చే పోటీ) ఆధిక్యంలో ఉండి, ఆఖరి షాట్ పక్కవాళ్ల టార్గెట్ మీద కాల్చాడు. 2008లో మళ్లీ ఆఖరి షాటే దెబ్బతీసింది, 4.4 పాయింట్లే పడ్డాయి. 2012లో అదే ఈవెంట్లో కాంస్యం గెలిచాడు. నా ఏడు ఏపాటిది!

ఇప్పుడూ ఏడులు పడతాయి. పిస్టల్ బల్ల మీద పెట్టి, ఊపిరి వదిలి, టార్గెట్ వైపు చూడకుండా కాసేపు నిలబడతాను. షాట్లన్నీ గుత్తిగా ఒకే మూల పడుతుంటే సైట్ మర తిప్పి సరిచేస్తాను. చెల్లాచెదురుగా పడితే సైట్ జోలికి పోను, పెల్లెట్ల డబ్బా మూసేసి ఆ పూటకి డ్రై ఫైరింగ్‌తో సరిపెడతాను.