తలుపుకు తాళం లేకపోయినా నిర్బంధమే

వ్యభిచార గృహంపై పోలీసులు దాడి చేశారన్న వార్త వచ్చిన ప్రతిసారీ చాలామంది మొదట అడిగేది, అక్కడ దొరికిన స్త్రీ ఇష్టపడి వచ్చిందా, ఎవరైనా బలవంతంగా తెచ్చారా అని. ఈ ప్రశ్న భారమంతా ఆమె మీదే పడుతుంది. ఆమెను ఆ పనిలోకి దించినవాడు, లేదా అందులోంచి బయటపడనీయకుండా ఆపినవాడు ఏం చేశాడన్నది ముందుగా తేల్చవలసిన విషయమని నేను గట్టిగా నమ్ముతాను. మంచి చట్టాలు రాసినవారు కూడా అలాగే ఆలోచించారు.

మానవ అక్రమ రవాణాపై ఐక్యరాజ్య సమితి 2000లో ఆమోదించిన పలెర్మో ప్రోటోకాల్ ఈ నేరాన్ని మూడు అంశాలుగా చూస్తుంది: మనిషిని చేర్చుకోవడం, తరలించడం, ఆశ్రయమివ్వడం వంటి పని, అందుకు వాడిన బెదిరింపు, మోసం, అధికార దుర్వినియోగం వంటి పద్ధతి, దోపిడీ అనే ఉద్దేశం. ఆ పద్ధతుల్లో ఏ ఒక్కటి వాడినట్టు తేలినా బాధితురాలు అంతకుముందు ఒప్పుకుందా లేదా అన్నదానికి విలువ లేదు. పద్దెనిమిదేళ్లలోపు వారి విషయంలో పద్ధతిని రుజువు చేయవలసిన అవసరం కూడా లేదు. భారతదేశం 2011లో ఈ ప్రోటోకాల్‌ను ధ్రువీకరించి, 2013లో శిక్షాస్మృతిలోని 370వ సెక్షన్‌ను తిరగరాసింది. అదే ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 143వ సెక్షన్‌గా ఉంది. బాధితుల సమ్మతితో నిమిత్తం లేదని అందులోనూ స్పష్టంగా రాశారు. అయితే ప్రోటోకాల్‌లో అధికార దుర్వినియోగం పక్కనే ఉన్న మరో మాట, అంటే ఎదుటివారి నిస్సహాయ స్థితిని ఆసరాగా చేసుకోవడం, మన నిర్వచనంలోకి రాలేదు. ఇది చిన్న లోపమని నేను అనుకోను. ఎవరూ చెయ్యి చేసుకోకుండా, ఎవరూ అబద్ధం చెప్పకుండా, దిక్కులేనితనాన్ని మాత్రమే పెట్టుబడిగా పెట్టి మనిషిని ఈ వ్యాపారంలోకి లాగడం సాధ్యమే.

బలవంతం అసలు ఎలా ఉంటుందో తెలియాలంటే 1956 నాటి అనైతిక వ్యాపార నిరోధక చట్టంలో, పత్రికలు పీటా అని రాసే చట్టంలో, ఆరో సెక్షన్ చదవాలి. ఒక స్త్రీని అక్కడే ఉంచాలన్న ఉద్దేశంతో ఆమె నగలు, బట్టలు, డబ్బు ఇవ్వకుండా అట్టిపెట్టుకున్నవాడు ఆమెను నిర్బంధించినట్టే భావించాలని ఆ సెక్షన్ చెబుతుంది. తాము ఇచ్చిన చీరలు, నగలు తీసుకుని వెళ్లిపోతే కేసు పెడతామని బెదిరించినా అంతే. అలా ఇచ్చామంటున్న వస్తువుల కోసం ఆమెపై దావా గానీ కేసు గానీ నడవకూడదని కూడా అందులోనే ఉంది. నిర్బంధానికి కనీస శిక్ష ఏడేళ్లు. ఈ వాక్యాలు రాసినవారికి ఆ ఇళ్ల లోపలి వ్యవహారం బాగా తెలుసు. కట్టుకోమని ఇచ్చిన చీర, పెట్టిన తిండి, గది అద్దె, మందుల ఖర్చు అన్నీ ఆమె పేరనే పద్దు రాస్తూ పోతే, ఎంత సంపాదించినా తీరని ఆ బాకీ ఉండగా తలుపు బార్లా తెరిచి ఉన్నా ఆమె గడప దాటలేదు.

ఇదే మెలకువ న్యూజిలాండ్ 2003లో చేసిన చట్టంలోనూ కనిపిస్తుంది. ఆ దేశం వయోజనుల లైంగిక వృత్తిని నేరాల జాబితా నుంచి తొలగిస్తూనే, ఒకరిని అందులోకి దించడానికి గానీ కొనసాగించడానికి గానీ బలవంతపెట్టడాన్ని పద్నాలుగేళ్ల వరకు జైలు పడే నేరంగా పదహారో సెక్షన్‌లో ఉంచింది. ఉద్యోగం వల్లనో బంధుత్వం వల్లనో వచ్చిన పెత్తనాన్ని వాడుకుంటామనడం, నిజమైనా అబద్ధమైనా ఒక ఆరోపణను బయటపెడతామనడం, దేశంలో అక్రమంగా ఉంటున్నావని చెప్పేస్తామనడం, మాదకద్రవ్యం ఇస్తామనడం లేదా ఇవ్వమనడం, ఇవన్నీ అందులో పేరుపేరునా ఉన్నాయి. బెదిరింపు నోటితో అనకపోయినా, అర్థమయ్యేలా సూచిస్తే చాలు. తరువాతి సెక్షన్ ప్రకారం ఒప్పందం కుదుర్చుకున్న మనిషి కూడా ఏ క్షణంలోనైనా నిరాకరించవచ్చు; ఆ ఒప్పందాన్ని చూపించి సమ్మతి ఉందని వాదించడం చెల్లదు.

అంత శ్రద్ధగా రాసిన ఆ చట్టమే పంతొమ్మిదో సెక్షన్‌లో తాత్కాలిక వీసాపై వచ్చినవారు ఈ పని చేయరాదని నిషేధించింది. పోలీసుల దగ్గరికి వెళితే నిన్నే దేశం నుంచి పంపేస్తారని చెప్పి లొంగదీసుకునే వాడికి ఇంతకన్నా ఏం కావాలి? బెదిరించడాన్ని ఒక సెక్షన్ శిక్షిస్తుంటే, ఆ బెదిరింపుకు బలాన్ని మరో సెక్షన్ సమకూరుస్తోంది.

మన పీటా చట్టంలోనూ ఇదే చిక్కు ఉంది. బహిరంగంగా విటులను పిలిచినందుకు ఎనిమిదో సెక్షన్ కింద తొలిసారికి ఆరు నెలల వరకు జైలు పడవచ్చు. వీధిలో నిలబెట్టినవాడు చాటున ఉంటాడు కనుక పట్టుబడేది నిలబడిన మనిషే. పదిహేడో సెక్షన్ కింద, కాపాడి తెచ్చిన వయోజనురాలిని కూడా విచారణ తరువాత ఏడాది నుంచి మూడేళ్ల వరకు రక్షణ గృహంలో ఉంచమని మేజిస్ట్రేటు ఆదేశించవచ్చు. ఫిర్యాదు చేస్తే నిన్నూ హోమ్‌లో వేస్తారు అని నిర్వాహకులు అన్నప్పుడు ఆ మాటలో కొంత నిజం ఉండటమే నన్ను ఎక్కువగా బాధపెడుతుంది. 2022 మే 19న సుప్రీంకోర్టు బుద్ధదేవ్ కర్మాస్కర్ కేసులో, ఇష్టం లేకుండా రక్షణ గృహాల్లో ఉంచిన వయోజన స్త్రీలను గుర్తించేందుకు సర్వే చేయించి, నిర్ణీత గడువులో వారి విడుదల సంగతి తేల్చాలని రాష్ట్రాలను ఆదేశించింది. ఆ ఆదేశం వెలువడే నాటికి ఆ చట్టానికి అరవై ఐదేళ్లు దాటాయి.

బలవంతానికి గురైన మనిషి ఇచ్చిన వాంగ్మూలాన్ని ఆమెపైనే కేసు పెట్టడానికి వాడకూడదన్న ఒక్క నియమాన్ని ముందుగా చేర్చాలని నా అభిప్రాయం. పదిహేడో సెక్షన్ వయోజనులకు వర్తించాలంటే వారి రాతపూర్వక అంగీకారం తప్పనిసరి చేయాలి. 143వ సెక్షన్ నిర్వచనంలో నిస్సహాయ స్థితిని చేర్చడం ఆ తరువాతి పని. అది చేర్చినా, స్టేషన్ మెట్లు ఎక్కడానికే భయపడే మనిషి దాన్ని వాడుకోలేదు.