పదహారో తారీఖు, కిసుము, కెన్యా

డిస్పెన్సరీల నెలవారీ కాగితాలు ఐదో తారీఖుకల్లా సబ్‌కౌంటీ ఆఫీసుకి చేరాలి, పదిహేనుకల్లా కంప్యూటర్లోకి ఎక్కాలి. ఆ హడావిడి నిన్నటితో ముగిసింది. ఎక్కిన అంకెల్లో ఏది నిజమో చూసే పని ఇవాళ మొదలు.

ఆ అంకెలెక్కేది డీహెచ్‌ఐఎస్2లోకి, అంటే ఆసుపత్రుల లెక్కలు దాచే సాఫ్ట్‌వేర్‌లోకి. కెన్యా 2011లోనే దీన్ని దేశమంతా ఒకే సర్వర్ మీదకి తెచ్చింది. దీని పాత రూపం మన దేశంలో మొదట అడుగుపెట్టింది 2000లో, కుప్పంలో. మన ఏఎన్‌ఎంల రిజిస్టర్లు చూసినవాళ్ళకి ఇక్కడి రిజిస్టర్లు కొత్తగా అనిపించవు.

పొద్దున్నే కంటపడిన అంకె: ఒక చిన్న డిస్పెన్సరీలో పెంటా మొదటి డోసు 41, మూడో డోసు 58. పసిపిల్లలకి ఆరు, పది, పద్నాలుగు వారాలకి వేసే, ఐదు జబ్బుల్ని ఆపే టీకా ఇది. మొదటి డోసులోంచి మూడోది తీసేసి, మొదటిదానితో భాగించి, వందతో గుణిస్తే డ్రాపౌట్. పది శాతం దాటితే పిల్లలు మధ్యలో మానేస్తున్నారని అర్థం. ఇక్కడ మైనస్ 41 శాతం వచ్చింది. మైనస్ వచ్చిన ప్రతిసారీ తప్పే అనుకోకూడదు. వేరే చోట మొదటి డోసు వేయించుకున్న బిడ్డకి ఇక్కడ మూడోది వేసి ఉండొచ్చు. కానీ 17 మంది తేడా అంటే పుస్తకం తెరవాల్సిందే.

ఎంఓహెచ్ 510 అనే టీకాల రిజిస్టర్లో బిడ్డకో వరస, డోసుకో గడి, గడిలో తారీఖు. పోయిన నెల మూడో డోసులు లెక్కపెట్టాలంటే పోయిన నెల పేజీలు చూస్తే చాలదు. ఆ పిల్లల పేర్లు రెండు మూడు నెలల ముందటి పేజీల్లో ఉంటాయి, ఆలస్యంగా వచ్చినవాళ్ళవి ఇంకా వెనక. కనీసం ఏడాది వెనక్కి తిప్పి, మూడో డోసు గడి ఒక్కటే పైనుంచి కిందికి చూసుకుంటూ రావాలి. అలా లెక్కపెడితే 38 తేలాయి. పంపిన అంకెతో పోలిస్తే 66 శాతం. 90కీ 110కీ మధ్య ఉంటే సరేననుకుంటాం.

మిగతా 20 ఎక్కడివో టాలీ షీట్, అంటే టీకా వేసినప్పుడల్లా గుర్తు పెట్టే కాగితం, చెప్పింది. అందులో సున్నాలు ఐదేసి చొప్పున అచ్చువేసి ఉంటాయి, ఒక్కో బిడ్డకి ఒక్కో సున్నా కొట్టేస్తారు. మొదటి డోసు వరస నిండిపోవడంతో దానికి కొత్త షీట్ తీశారు. మూడో డోసు వరసలో చోటు మిగిలింది కాబట్టి పాత షీట్ మీదే కొనసాగించారు. నెలాఖరున వరస మొత్తం లెక్కపెట్టేశారు. అంతకుముందు నెల కొట్టిన నాలుగు గుంపులూ రెండోసారి లెక్కలోకి వచ్చాయి. నర్సు ఒక్కరే ఉండే చోట, బయట తల్లులు బారులు తీరి ఉండగా, ఇది ఎవరికైనా జరుగుతుంది. మందు ఒక్కటే: వరస నిండినా నిండకపోయినా ఒకటో తారీఖున అన్నిటికీ కొత్త షీట్ తీయాలి.

మధ్యాహ్నం మాటల్లో పాత సలహా మళ్ళీ వచ్చింది: మూడో డోసు మొదటిదానికంటే ఎక్కువైతే ఫారం సబ్మిట్ కాకుండా ఆపేద్దామని. నేను ఒప్పుకోను. దారి మూస్తే జనం రిజిస్టర్ తెరవరు, 58ని 41 చేసి దాటిపోతారు. అప్పుడు తప్పు పట్టుకునే ఆనవాలు కూడా మిగలదు. అంకెల పొంతన చూసే ఈ వాలిడేషన్ రూల్‌ని హెచ్చరికగానే ఉంచాలి. చిన్న డిస్పెన్సరీకి నెలనెలా కాకుండా, సబ్‌కౌంటీ స్థాయిలో మూడు నెలలకోసారి నడపాలి. గడి ఖాళీగా ఉంటే రూల్ ఏం చేయాలో కూడా ముందే తేల్చుకోవాలి, లేకపోతే ఖాళీని సున్నాగా తీసుకుని లేని తప్పులు చూపిస్తుంది.

ఖాళీ గడుల బాధ ఇంకోటుంది. ఎన్ని చోట్ల నుంచి నివేదిక అందిందో చెప్పే రిపోర్టింగ్ రేటు లెక్కకి వచ్చేది కంప్లీట్ బటన్ నొక్కారా లేదా అన్నది మాత్రమే. ఏమీ నింపకుండా నొక్కినా నూరు శాతం చూపిస్తుంది. అందుకే ఆ శాతం పక్కన, నిండిన గడులెన్నో విడిగా చూడకుండా నేను ఏ నివేదికా ముట్టుకోను.

సాయంత్రం రికార్డుల ఆఫీసరుగారు గడువు దాటాక ఫారానికి పడే తాళం తీయించి 58ని 38గా దిద్దారు. గడి మీద రెండుసార్లు క్లిక్ చేస్తే వచ్చే పెట్టెలో కారణం రాశారు: "రిజిస్టర్ చూసి సరిదిద్దాం, టాలీలో పాత నెల కలిసింది." వెంటనే డ్యాష్‌బోర్డ్ తెరిస్తే ఇంకా 58 అనే ఉంది. ఇక్కడే చాలామంది సేవ్ కాలేదనుకుని మళ్ళీ మళ్ళీ ఎక్కిస్తారు. డ్యాష్‌బోర్డ్‌కి అంకెలు అందించే ఎనలిటిక్స్ టేబుళ్ళు రాత్రి నడిస్తేగాని కొత్త అంకె బయటికి రాదు. రేపు పొద్దున 38 కనబడాలి, డ్రాపౌట్ ఏడు శాతం దగ్గర ఆగాలి.