తిరుపతిలో ఉచిత టీవీ రికార్డింగ్: డిష్షా, యాంటెన్నానా?

నెలనెలా ఎవరికీ డబ్బు కట్టకుండా టీవీ రావాలి, కావాల్సిన కార్యక్రమం రికార్డు కావాలి. ఈ రెండూ కలిపి అడిగితే మన దగ్గర దారులు రెండే: ఉపగ్రహం నుంచి దిగే డీడీ ఫ్రీ డిష్, దూరదర్శన్ టవర్ నుంచి వచ్చే డిజిటల్ ప్రసారం. రెండో దాన్ని డీవీబీ-టీ2 అంటారు. ఇంటర్నెట్‌లో దొరికే పోలికలు చాలావరకు బ్రిటన్‌వి. అక్కడ ఫ్రీశాట్‌కి (ఉపగ్రహం నుంచి వచ్చే ఉచిత టీవీ) ఒక రికార్డరు, ఫ్రీవ్యూకి (టవర్ నుంచి వచ్చేది) ఒక రికార్డరు దుకాణంలో పక్కపక్కనే దొరుకుతాయి, ఏది కొన్నా పని జరుగుతుంది. వాటిని చదివి తిరుపతిలో బేరానికి దిగితే డబ్బు దండగ. లండన్‌లో ఉన్న బంధువులు తెచ్చే ఫ్రీశాట్ పెట్టె కూడా ఇక్కడ అలంకారానికే. అది మొదటిసారి ఆన్ చెయ్యగానే 28.2 డిగ్రీల తూర్పున ఉన్న ఉపగ్రహాల కోసం వెతుకుతుంది, వాటి బ్రిటన్ కిరణం మన మిద్దె మీద పడదు.

ముందు టవర్ సంగతి తేల్చేద్దాం. దూరదర్శన్ 2016లో 16 నగరాల్లో డీవీబీ-టీ2 మొదలుపెట్టింది. వాటిలో మనకు దగ్గరవి చెన్నై, బెంగళూరు. తిరుపతి నుంచి చెన్నైకి తిన్నగా గీత గీసి కొలిస్తే 110 కిలోమీటర్లు. చిత్తూరు నుంచి 125 పైనే. చిత్తూరు నుంచి బెంగళూరుకి 160 దాటుతుంది. ఈ ప్రసారం వచ్చేది యూహెచ్ఎఫ్ అనే ఫ్రీక్వెన్సీల్లో; మిద్దె మీది యూహెచ్ఎఫ్ యాంటెన్నాకి రోజూ నమ్మకంగా అందే దూరం 50, 60 కిలోమీటర్లు, ఎత్తు బాగుంటే ఇంకాస్త. కాబట్టి తిరుపతి ఊళ్లో, చిత్తూరు ఊళ్లో ఈ దారి మూసుకున్నట్టే.

ఇక్కడ మోసపోయే చోటు ఒకటుంది. ఎండాకాలంలో కొన్ని తెల్లవారుజాముల్లో సముద్రం వైపు గాలి పొరలు ఒకదాని మీద ఒకటి నిలిచి సిగ్నల్‌ని గొట్టంలో పంపినట్టు దూరానికి మోస్తాయి. ఆ వేళ స్కాన్ చేస్తే 110 కిలోమీటర్ల అవతలి చానళ్లు కూడా పడొచ్చు. సంబరపడి పైపు పాతి, బూస్టరు కొని బిగించేసరికి ఎండ ఎక్కుతుంది, తెర ఖాళీ అవుతుంది. డిజిటల్‌లో పాత రోజుల చుక్కలు, నీడలు ఉండవు. ఉంటే బొమ్మ పూర్తిగా ఉంటుంది, లేకపోతే అసలుండదు. అందుకే ఒక్క స్కాన్‌ని నమ్మకూడదు. మధ్యాహ్నం 2కి, రాత్రి 9కి, అలా వారం రోజులు చూడాలి.

జిల్లా తూర్పు అంచున కథ కొంచెం మారుతుంది. సత్యవేడు, తడ చెన్నైకి 50, 60 కిలోమీటర్లలోనే ఉన్నాయి. సూళ్లూరుపేట 75 దాకా. అక్కడ చెన్నై వైపు తిప్పిన మంచి యూహెచ్ఎఫ్ యాగీ యాంటెన్నాతో ప్రయత్నించొచ్చు. అయితే మొదలుపెట్టినప్పుడు ఈ ప్రసారంలో ఇచ్చినవి ఐదారు దూరదర్శన్ చానళ్లే, చెన్నై టవర్ ప్రాంతీయ చానల్ తమిళం. తెలుగు కోసం అయితే అక్కడ కూడా డిష్షే. ఇంటి మీద మిగిలిన పాత పొడుగు కమ్మీల యాంటెన్నా అనలాగ్ కాలం నాటి వీహెచ్ఎఫ్ (యూహెచ్ఎఫ్ కంటే తక్కువ ఫ్రీక్వెన్సీలు) ది, దీనికి సరిపోదు. ఆ అనలాగ్ టవర్లు కూడా కొద్ది చోట్ల తప్ప 2022 మార్చికల్లా ఆగిపోయాయి. ఆన్‌లైన్‌లో అమ్మే "200 మైళ్ల హెచ్‌డీ యాంటెన్నా" అట్టముక్క గురించి మాట్లాడుకోవడమే దండగ.

ఇక డిష్షు. ఫ్రీ డిష్ ప్రసారం జీశాట్-15 నుంచి, 93.5 డిగ్రీల తూర్పు. తిరుపతి నుంచి దిక్సూచిలో 133 డిగ్రీలు, అంటే సరిగ్గా ఆగ్నేయ మూల. ఎత్తు 67 డిగ్రీలు. చిత్తూరులో దిక్కు ఒకటి రెండు డిగ్రీలు తగ్గుతుంది, ఎత్తు అదే. శేషాచలం మనకు ఉత్తరాన ఉంది కనుక కొండ అడ్డమనే బాధ లేదు. అడ్డం వచ్చేవి పక్కింటి నీళ్ల ట్యాంకు, కొబ్బరిచెట్టు. 67 డిగ్రీలంటే దాదాపు నెత్తిమీదకే కదా, డిష్షు మాత్రం అంతలా వెల్లకిలా పడుకోదు. ఆఫ్‌సెట్ డిష్షు, అంటే సిగ్నల్ పట్టే ముక్కు నడిమధ్యన కాక కింది వైపు ఉండే రకం కాబట్టి చూడ్డానికి సుమారు 45 డిగ్రీలే వాలినట్టుంటుంది. కంటికి "ఆకాశం వైపు సరిగ్గా లేదే" అనిపించి ఇంకా పైకి ఎత్తితే సిగ్నల్ పోతుంది.

అడ్డం ఉందో లేదో చూడ్డానికి పైసా ఖర్చు లేని పద్ధతి ఉంది. మార్చి 14, సెప్టెంబర్ 29 ఈ రెండు తేదీలకు అటూ ఇటూ మూడు రోజులు, ఉదయం 11 గంటల ప్రాంతంలో, సూర్యుడు సరిగ్గా ఆ ఉపగ్రహం వెనక్కి వస్తాడు. మార్చిలో 11:15 దగ్గర, సెప్టెంబర్‌లో 11కి రెండు మూడు నిమిషాలు ముందు. ఆ సమయంలో డిష్షు పెట్టాలనుకున్న చోట ఎండ పడితే దారి తెరిచి ఉన్నట్టే. ట్యాంకు నీడ పడితే అక్కడ పెట్టొద్దు. ఇప్పటికే బిగించిన డిష్షయితే ఎల్ఎన్‌బీ (డిష్షు ముందు చేతి చివర ఉండే, సిగ్నల్ పట్టే ముక్కు) నీడ దాని మీద ఎక్కడ పడుతోందో చూస్తే గురి ఎటు తప్పిందో తెలుస్తుంది. ఆ కొద్ది నిమిషాలు సిగ్నల్ కూడా పోతుంది, సూర్యుడి రొదలో ఉపగ్రహం మాట వినపడదు. కొన్నేళ్లు ఆ సెప్టెంబర్ రోజులు బ్రహ్మోత్సవాలతో కలుస్తాయి. ఆ వేళ పెట్టిన రికార్డింగులో ఐదారు నిమిషాలు గండి పడితే పెట్టెని తిట్టకండి.

ఎల్ఎన్‌బీని నిటారుగా బిగించి వదిలేస్తే మన దగ్గర క్వాలిటీ సగానికి పడుతుంది. ఫ్రీ డిష్ చానళ్లు వర్టికల్ పోలరైజేషన్‌లో, అంటే నిలువుగా ఊగే తరంగాలుగా వస్తాయి, కానీ ఉపగ్రహం మనకు పక్కగా ఉండటంతో ఆ నిలువు ఇక్కడికి వాలి చేరుతుంది. లెక్క ప్రకారం వాలు 45 డిగ్రీల దాకా. డిష్షు ముందు, దాని ముఖం చూస్తూ నిలబడి, కిందికి ఉన్న పిన్ను గడియారంలో 6 నుంచి 7:30 వైపు వచ్చేలా తిప్పండి. అక్కడి నుంచి పెట్టెలో క్వాలిటీ అంకె చూస్తూ అటూ ఇటూ రెండు మూడు డిగ్రీలు. స్ట్రెంగ్త్ అంకెని నమ్మొద్దు, ఎల్ఎన్‌బీకి కరెంటు అందితే చాలు, గురి లేకపోయినా అది 70 చూపిస్తుంది. స్కాన్ చేసేటప్పుడు ఎల్ఎన్‌బీ 9750/10600, సింబల్ రేటు 29500. 11470, 11570 లాంటి ట్రాన్స్‌పాండర్లలో (ఒక్కో ఫ్రీక్వెన్సీ మీద కొన్ని చానళ్లని కలిపి పంపే ఉపగ్రహ భాగాలు) ఒకటి పట్టుకుంటే మిగతావి బ్లైండ్ స్కాన్‌లో పడతాయి.

మామూలు 60 సెంటీమీటర్ల డిష్షు ఎండాకాలానికి చాలు. మన పెద్ద వానలు అక్టోబర్ నుంచి డిసెంబర్, ఈశాన్య రుతుపవనాలవి. ఆ మూడు నెలలు రికార్డింగు ముక్కలు కాకూడదంటే 75 లేదా 90 సెంటీమీటర్లు వేసుకోవడమే. కుండపోతకి ఏదీ నిలవదు గానీ, ఓ మోస్తరు వానకి 90 నిలుస్తుంది. అలిపిరి, కపిలతీర్థం వైపు ఉన్నవాళ్లకి వానకంటే కోతులు. ఎల్ఎన్‌బీ చెయ్యి పట్టుకుని ఊగితే రెండు డిగ్రీలు జరగడానికి ఒక్క క్షణం చాలు. గోడకి రెండు వైపుల నుంచి దన్ను కడ్డీలు, వైరుకి గట్టి పీవీసీ పైపు అక్కడ తప్పనిసరి.

రికార్డింగుకి పనికొచ్చే సంగతి ఇంకొకటి చాలామంది ఇన్‌స్టాలర్లు చెప్పరు. పెయిడ్ డీటీహెచ్‌లో ఒక గదిలో చూస్తూ ఇంకో పెట్టెలో వేరే చానల్ రికార్డు చెయ్యాలంటే రెండు పిన్నుల ఎల్ఎన్‌బీ, రెండు వైర్లు కావాలి. ఫ్రీ డిష్‌కి అక్కర్లేదు. అన్నీ ఒకే పోలరైజేషన్, ఒకే బ్యాండ్ కనుక ఒక ఎల్ఎన్‌బీ, ఒక వైరు, కింద ఒక రెండు దారుల స్ప్లిటరు సరిపోతాయి. స్ప్లిటరు మాత్రం 950–2150 మెగాహెర్ట్జ్ అని రాసి ఉన్న, పవర్ పాస్ ఉన్నదై ఉండాలి. కేబుల్ టీవీ వాళ్లు వాడే 5–1000 స్ప్లిటరు ఆకారంలో అచ్చం అలాగే ఉంటుంది, పెడితే కొన్ని చానళ్లు రావు లేదా ఏవీ రావు. కారణం చిన్న లెక్క: 11470 లోంచి 9750 తీస్తే 1720. వైరులో ప్రయాణించేది ఆ 1720 మెగాహెర్ట్జ్, దాన్ని ఆ స్ప్లిటరు సగం మింగేస్తుంది. పైగా ఎల్ఎన్‌బీకి వెళ్లాల్సిన 13 వోల్టుల్ని కూడా ఆపేయొచ్చు. మంచి స్ప్లిటరుకి కూడా 4 డీబీ (డెసిబెల్, సిగ్నల్ తగ్గుదలకి కొలత) దాకా నష్టం, 20 మీటర్ల ఆర్‌జీ-6 వైరుకి మరో 5, 6 డీబీ. 

ఇప్పుడు రికార్డరు. హార్డ్ డిస్కు లోపలే ఉండి రెండు ట్యూనర్లున్న బ్రిటన్ తరహా ఫ్రీ రికార్డరు కోసం తిరుపతి దుకాణాల్లో వెతకొద్దు. ఇక్కడ దొరికేది యూఎస్‌బీ రంధ్రమున్న ఎంపెగ్-4 సెట్‌టాప్ బాక్సు. పెన్‌డ్రైవ్ గుచ్చి రిమోట్‌లో ఎర్ర చుక్క నొక్కితే రికార్డింగు. మామూలు ఎస్‌డీ చానల్ సెకనుకి 3 మెగాబిట్లనుకుంటే గంటకి 1.35 జీబీ. 32 జీబీ పెన్‌డ్రైవ్‌లో 23 గంటలు.

కానీ ఆ పెన్‌డ్రైవ్ కొన్నప్పుడు ఫ్యాట్32లో ఉంటుంది, దాంట్లో ఒక ఫైలు 4 జీబీ దాటదు. గరుడ సేవ రోజు రాత్రి 7కి రికార్డింగు పెట్టారనుకోండి. ఫైలుని ముక్కలు చేసుకునే తెలివి బాక్సుకి ఉంటే సరే. లేకపోతే 10:10కి చడీచప్పుడు లేకుండా ఆగిపోతుంది, తెల్లారి చూస్తే స్వామి సగం దారిలోనే ఉంటాడు. బాక్సు ఒప్పుకుంటే పెన్‌డ్రైవ్‌ని ఎన్‌టీఎఫ్ఎస్‌కి (ఈ 4 జీబీ హద్దు లేని ఫార్మాట్) మార్చుకోండి, లేదా మూడేసి గంటల టైమర్లు రెండు పెట్టుకోండి. హార్డ్ డిస్కు తగిలిస్తే ఇంకో చిక్కు. చిన్న పోర్టబుల్ డిస్కు తిరగడం మొదలుపెట్టేటప్పుడు ఒక ఆంపియరు దాకా లాగుతుంది, బాక్సు రంధ్రం ఇచ్చేది చాలాసార్లు అర ఆంపియరు. టిక్కు టిక్కుమని ఆగిపోతుంటే డిస్కు పాడైనట్టు కాదు, ఆకలితో ఉన్నట్టు. సొంత అడాప్టరున్న డిస్కు వాడాలి.

దుకాణంలోనే చెయ్యాల్సిన పరీక్ష ఒకటి. పావుగంట తర్వాతకి టైమరు పెట్టండి. ప్లగ్గు పీకేయండి. రెండు నిమిషాలాగి మళ్లీ పెట్టండి. రిమోట్ ముట్టకుండా చూడండి, టైమరుకి రికార్డింగు మొదలైందా లేదా. ఈ బాక్సుల్లో చాలావాటిలో గడియారానికి బ్యాటరీ ఉండదు, సమయాన్ని ఉపగ్రహ సిగ్నల్ నుంచే తెచ్చుకుంటాయి. కరెంటు పోయొచ్చాక స్టాండ్‌బైలో కూర్చుండిపోయే బాక్సుకి టైమెంతో తెలీదు, టైమరు వృథా. ఈ ఒక్క పరీక్షలో నెగ్గిన బాక్సు, మెనూ ఎంత వికారంగా ఉన్నా, కొనొచ్చు. 12 వోల్టుల అడాప్టరుతో నడిచేదైతే వైఫై రౌటరుకి పెట్టే చిన్న యూపీఎస్సే దీనికీ సరిపోతుంది, ఆంపియర్లు, ప్లగ్గు సైజు చూసుకోండి. టైమ్ జోన్ 5:30 పెట్టడం మర్చిపోతే రాత్రి 7కి పెట్టిన టైమరు 12:30కి మోగుతుంది. మొదట్లో 5 నిమిషాలు, చివర అరగంట అదనంగా పెట్టుకోవాలి, ప్రత్యక్ష ప్రసారాలు ఎప్పుడూ సాగుతాయి.

టీవీలోనే శాటిలైట్ ట్యూనరున్న మోడళ్లు వస్తున్నాయి, దానికి భారతీయ ప్రమాణం కూడా ఉంది, ఐఎస్ 18112. చూడ్డానికి బాగుంటాయి. రికార్డింగు ఉన్నా, చాలా టీవీల్లో ఆ ఫైలు ఆ టీవీలో తప్ప ఇంకెక్కడా ఆడదు. టీవీ చెడితే దాచుకున్నదంతా పోయినట్టే. బాక్సు రాసే ఫైలు టీఎస్ రకమైతే కంప్యూటర్‌లో వీఎల్‌సీతో ఆడుతుంది, కొనేముందు అదీ చూసుకోండి.

పట్టుదల ఉన్నవాళ్లకి అన్నిటికంటే మంచి రికార్డరు పాత కంప్యూటరే. ఒక డీవీబీ-ఎస్2 (ఉపగ్రహ ప్రసారాన్ని అందుకునే) ట్యూనరు, లినక్స్, దాని మీద నడిచే టీవీహెడ్‌ఎండ్ అనే రికార్డింగు సాఫ్ట్‌వేరు. ఒకే ట్రాన్స్‌పాండర్ మీదున్న చానళ్లన్నిటినీ ఒక్క ట్యూనరుతో ఒకేసారి రికార్డు చేస్తుంది. యూఎస్‌బీ ట్యూనరయితే దానికి వేరే అడాప్టరు ఉండాలి, ఎల్ఎన్‌బీకి 13 వోల్టులు కంప్యూటరు రంధ్రం ఇవ్వలేదు. ఒకే ఒక్క ఇబ్బంది, ఎన్‌క్రిప్ట్ చేసిన చానళ్లు దీంట్లో రావు. ఉచితమే అయినా అలాంటివాటికి దూరదర్శన్ అనుమతించిన బాక్సే కావాలి.

ఏది పెట్టుకున్నా ఏప్రిల్ 1 ఉదయం ఒకసారి రిమోట్ పట్టుకోక తప్పదు. ప్రైవేటు చానళ్ల స్లాట్లు వేలంలో ఏడాదికోసారి చేతులు మారతాయి. కొన్ని వెళ్లిపోతాయి, కొన్ని వస్తాయి, నంబర్లు తిరగబడతాయి. రీస్కాన్ చేశాక పాత టైమర్లు పాత నంబరుకే అతుక్కుని ఉంటాయి. అన్నిటినీ చెరిపి కొత్తగా పెట్టండి, లేకపోతే వారం పాటు డీడీ సప్తగిరి బదులు ఏదో భోజ్‌పురి సినిమాల చానల్ రికార్డవుతుంది.